ఇంటి పలుకునకు దక్కిన గౌరవము

నేటి బాలబాలికలు మక్కువతో వినుచున్న సంగీతములలో ‘రాప్’ అనునది యొకటి. రాగము తక్కువ, మాట యెక్కువ. ఇది పాటయా, పోట్లాటయా యని పెద్దలు విసుగుకొనుట మేమెఱుగుదుము. అయినను ఈ సంగీతమునకు సంబంధించిన యొక ఆల్బమ్ కథ మన తల్లిదండ్రులు తెలిసికొనదగినదని తోచి, ఇచ్చట క్లుప్తముగా వివరించుచున్నాము.

రాప్ అనగా తాళమునకు సరిగా ప్రాసలు కూర్చి మాటలను వేగముగా పలుకుట. మన బుర్రకథకుడు లయ తప్పక కథను పరుగెత్తించు తీరును తలచుకొన్నచో దీని స్వభావము కొంత బోధపడును. 1970 దశకమున న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతమున నల్లజాతి యువకుల నడుమ పుట్టిన ‘హిప్ హాప్’ కళలలో ఇది యొక భాగము. చాలకాలము న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ నగరములే దీనికి ముఖ్యస్థానములుగా చెల్లెను. అమెరికా దక్షిణ రాష్ట్రములవారు మాటను సాగదీసి పలుకుదురు. ఆ పలుకు మొరటుదనియు, ఈ కళకు తగనిదనియు ఉత్తరాదివారిలో అనేకులు తలచుచుండిరి.

జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరమును ఆనుకొనియున్న ఈస్ట్ పాయింట్‌లో ఒకే ఉన్నత పాఠశాలలో చదివిన ఆండ్రే బెంజమిన్, యాంట్వాన్ ప్యాటన్ అను స్నేహితులు ‘అవుట్‌కాస్ట్’ అను పేరుతో జంటగా ఏర్పడి, 1994లో తమ మొదటి ఆల్బమ్ వెలువరించిరి. 1995 ఆగస్టులో న్యూయార్కున ‘ది సోర్స్’ అను హిప్ హాప్ పత్రికవారు జరిపిన సభలో వీరికి ఉత్తమ నూతన బృందమను బహుమతి లభించినది. వేదిక నెక్కినంతనే సభికులలో పలువురు కేకలు వేసి అవమానించిరి. అప్పుడు ఆండ్రే, దక్షిణాదికి కూడ చెప్పవలసిన మాట కలదని పలికి దిగిపోయెను.

ఆ మాటను వారు పనితో నిలబెట్టుకొనిరి. 1996లో రెండవ ఆల్బమును, 1998 సెప్టెంబరు 29వ తేదీన ‘ఆక్వెమినై’ అను మూడవ దానిని వెలువరించిరి. యాంట్వాన్‌ది కుంభరాశి, ఆండ్రేది మిథునరాశి. ఆ రెండు రాశుల ఆంగ్లనామములను కలిపి యీ పేరు పెట్టిరి. స్వభావములు వేఱైనను స్నేహము విడువమని దాని భావము. ఇందు యంత్రములపై కూర్చిన తాళములతోపాటు గిటారు, బాకాలు మున్నగు వాద్యములు కూడ వినబడును. ఒక పాటలో ఆండ్రే సవతి తండ్రియైన మతబోధకుడు హార్మోనికా వాయించెను. వేఱొక పాటలో చిన్ననాటి నేస్తమైన యొక బాలిక మాదకద్రవ్యములకు బలియైన కథ కలదు. అన్నిటియందును తమ యూరి పలుకుబడినే నిలుపుకొనిరి. న్యూయార్కు పలుకును అరువు తెచ్చుకొనలేదు.

ఫలితమేమి? అమెరికాలోని అమ్మకముల పట్టికలో ఈ ఆల్బమ్ మొదటి వారమే 2వ స్థానమున నిలిచెను. 1999 నాటికి 20 లక్షల ప్రతులకు ధ్రువీకరణము లభించెను. విశేషమేమనగా, ఏ పత్రిక సభలో వీరు కేకలు వినిరో, ఆ ‘సోర్స్’ పత్రికయే తన కొలమానమున అత్యున్నతమైన 5 మైకుల గుర్తింపు నిచ్చినది. ‘రోలింగ్ స్టోన్’ పత్రికవారు ఎంచిన 500 ఉత్తమ ఆల్బములలో ఇది 2012లో కడపటిదగు 500వ స్థానమున ఉండగా, 2020 నాటి పట్టికలో 49వ స్థానమునకు ఎక్కినది.

మెప్పుతోపాటు వివాదమును కలిగినది. బస్సులో తెల్లవారికి చోటు విడువక 1955లో ధైర్యము చూపిన రోసా పార్క్స్ గారి పేరు ఒక పాటకు పెట్టిరి; పాట మాత్రము ఆమెను గూర్చినది కాదు. ఆమె పక్షమున 1999లో దావా వేయబడి, 2005లో రాజీ కుదిరినది. ఆమె చరిత్రను బాలలకు తెలుపు కార్యక్రమములకు తోడ్పడుటకు పాటల పక్షమువారు అంగీకరించిరి. ఇంకొక మాట: ఇందు పసివారు వినదగని పదములు కొన్ని కలవు, పెద్దల కొఱకు హెచ్చరికయు అట్టపై ముద్రితమైయున్నది. కావున దీనిని చిన్నపిల్లలకు వినిపింపుడని మేము చెప్పుట లేదు.

మేము చెప్పదలచినది వేఱు. తరతరములుగా పరరాష్ట్రమున స్థిరపడిన మన పలుకులో ఇరుగుపొరుగు భాషల పదములు కలసినవి. సెలవులలో కోస్తా జిల్లాలకో హైదరాబాదునకో పోయినప్పుడు బంధువులు నవ్వగా, మన పిల్లలు నోరు మూసికొని తిరిగి వచ్చుట కలదు. కొందఱు ఆపై ఇంటిలోను తెలుగు మాటాడుటకు జంకుదురు. అట్టి బిడ్డను ఊరడించుటకు ఈ యిద్దఱు బాల్యమిత్రుల కథ చెప్పవచ్చును. వారు నవ్వినవారితో వాదులాడలేదు. తమ పలుకును మార్చుకొననులేదు. మూడేండ్లు శ్రద్ధతో పనిచేసి, ఆ పలుకులోనే వినదగిన దానిని వినిపించిరి. మన పిల్లలకును చెప్పవలసిన మాటలు కలవు. వానిని మొదట ఆదరముతో వినవలసినవారము తల్లిదండ్రులమగు మనమే.