రాలని బొచ్చు, ఆగని తుమ్ములు

మేడ్చల్, శామీర్‌పేట విల్లాల్లోకి ‘అలర్జీ రాని’ కుక్కపిల్లలు చేరుతున్నాయి. ఆ పేరును నమ్మి కొనే ముందు చదవాల్సిన పట్టిక ఒకటుంది.

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు అడిగింది ఒక జాబితా. బొచ్చు రాలని కుక్కజాతులు పది, పక్కన ఫొటోలు, అలర్జీ ఉన్న ఇంటికి ఏది నప్పుతుందో రెండేసి వాక్యాలు. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. జాబితా కోసం వెతుకుతుంటే నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన పట్టిక ఒకటి చేతికొచ్చింది. అది చదివాక పది జాతుల పేర్లు రాసి పాఠకుల చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. జాబితాకు ఉంచిన చోటు కూడా ఆ పట్టికకే ఇస్తున్నాను.

ఇటు కొంపల్లి, గుండ్లపోచంపల్లి మీదుగా మేడ్చల్ దాకా, అటు తూంకుంట దాటి శామీర్‌పేట, అలియాబాద్ దాకా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. అపార్ట్‌మెంట్ వదిలి వచ్చిన పిల్లలు, గేటు లోపల కాస్త జాగా కనబడగానే అడిగేది కుక్కపిల్లనే. ఇంట్లో ఎవరో ఒకరికి పొద్దున లేస్తూనే తుమ్ములు, లేదంటే ఉబ్బసం. అందుకని పెద్దవాళ్లు అమ్మేవాళ్ల దగ్గరికెళ్లి, “బొచ్చు రాలంది ఏదన్నా ఉందా అన్నా?” అని అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంటుంది: “షిట్జూ తీస్కోండి మేడమ్, లేదంటే పూడుల్. హైపోఅలర్జెనిక్. పాపకేం కాదు.”

తుమ్ము తెప్పించేది బొచ్చు కాదు. కుక్క ఎంగిల్లో, చర్మం నుంచి లేచే సన్నటి పొట్టులో, మూత్రంలో ఉండే కొన్ని ప్రోటీన్లు. వాటికి శాస్త్రజ్ఞులు క్యాన్ ఎఫ్ 1, క్యాన్ ఎఫ్ 2 అంటూ వరస నంబర్లు పెట్టారు. కుక్క అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది క్యాన్ ఎఫ్ 1. కుక్క ఒళ్లు నాక్కున్నప్పుడు ఎంగిలి బొచ్చుకు అంటుతుంది, ఎండుతుంది, పొడిగా రాలుతుంది. అందులో కొంత భాగం ఎంత సన్నటిదంటే గాల్లో చాలాసేపు తేలుతూనే ఉంటుంది. బొచ్చు ఉన్నా లేకపోయినా నాలుక లేని కుక్క, చర్మం లేని కుక్క ఉండవు కదా.

ఇక ఉట్రెక్ట్ పట్టిక. అలర్జీకి మంచివని పేరున్న పూడుల్, లాబ్రడూడుల్, స్పానిష్ వాటర్ డాగ్, ఎయిర్‌డేల్ టెర్రియర్ కుక్కలను ఒక వైపు పెట్టారు. అలాంటి పేరేమీ లేని లాబ్రడార్ వంటివి రెండో వైపు. మొదటి వైపు 196 కుక్కలు, రెండో వైపు 160. వాటి బొచ్చు తీసుకుని అందులో క్యాన్ ఎఫ్ 1 ఎంతుందో కొలిచారు. పేరులేని కుక్కల్లో గ్రాము బొచ్చుకు సగటున 0.77 మైక్రోగ్రాములు వచ్చింది. ‘హైపోఅలర్జెనిక్’ కుక్కల్లో 2.26 మైక్రోగ్రాములు. అంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఒంటి మీది నుంచి విడిగా తీసిన నమూనాల్లోనూ అదే తీరు: 12.98కి 27.04.

అంకెలను తారుమారుగా చదివానేమోనని మళ్లీ చూశాను. సరిగ్గానే ఉన్నాయి. రాలని బొచ్చు ఒంటినే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎంగిలి, పొట్టు అందులోనే పేరుకుంటాయేమో అని నా ఊహ. అయితే ఒంటి మీద ఉన్నదంతా ఇంట్లోకి రావాలని లేదు. అందుకే వాళ్లు ఆ కుక్కలున్న ఇళ్లలో నేల మీది దుమ్మునూ, గాలినీ కూడా పరీక్షించారు. లాబ్రడూడుల్ ఉన్న ఇళ్లలో నేల దుమ్ములో క్యాన్ ఎఫ్ 1 కొంత తక్కువగా కనబడింది. మిగతా జాతుల మధ్య తేడా లేదు. గాల్లో మాత్రం ఏ జాతికీ తేడా కనబడలేదు. ఆయాసం ఉన్న మనిషి పీల్చేది గాలినే.

అందులోనే ఇంకో వాక్యం ఉంది. కొనాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది అదేనని నా నమ్మకం: ఒక జాతికీ మరో జాతికీ ఉన్న తేడా కంటే, ఒకే జాతిలో ఈ కుక్కకూ ఆ కుక్కకూ ఉన్న తేడా పెద్దది. మీ బంధువులింట్లో పూడుల్ దగ్గర పాప తుమ్మలేదంటే ఆ పూడుల్ పాపకు పడిందని అర్థం. మీరు కొనబోయే పూడుల్ గురించి అది ఏమీ చెప్పదు. అమెరికాలో డెట్రాయిట్‌కు చెందిన హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు 2011లో ఒక్కో కుక్క ఉన్న 173 ఇళ్ల దుమ్ము పరీక్షించి, జాతిని బట్టి తేడా లేదనే చెప్పారు.

ఈ ‘హైపోఅలర్జెనిక్’ పేరు చరిత్ర రెండు ముక్కల్లో. 1989లో ఆస్ట్రేలియాలో చూపులేనివారికి కుక్కలను తర్ఫీదు చేసే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పూడుల్‌నూ లాబ్రడార్‌నూ కలిపాడు. హవాయిలో ఒకావిడకు చూపు లేదు, ఆమె భర్తకు కుక్కలు పడవు, వాళ్ల కోసం. పుట్టిన మూడు కూనల్లో ఆ భర్తకు పడింది ఒక్కటే, పేరు సుల్తాన్. లాబ్రడూడుల్‌కు వచ్చిన పేరంతా అక్కడినుంచే, మిగతా రెండు కూనల సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. 2009లో ఒబామా కుటుంబం పెద్దమ్మాయి అలర్జీ కోసం పోర్చుగీస్ వాటర్ డాగ్‌ను తెచ్చుకున్నాక ‘హైపోఅలర్జెనిక్’ మాట ప్రపంచమంతా తిరిగి మన తూంకుంట దాకా వచ్చింది.

మరి అలర్జీ ఉన్న ఇంట్లో కుక్క వద్దా? నేనలా అనడం లేదు. కుక్కలంటే నాకు ప్రాణం. అందుకే వరస మార్చమంటున్నాను. ముందు కుక్కను చూడొద్దు, డాక్టర్ని చూడండి. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షో, రక్తపరీక్షో చేస్తే మీకు పడనిది కుక్కేనా, పరుపులోని దుమ్ము పురుగా, పుప్పొడా తెలుస్తుంది. అలర్జీ మాత్రలు వాడుతుంటే చర్మ పరీక్షకు కొన్ని రోజుల ముందే ఆపాలి, ఆ సంగతి డాక్టర్నే అడగండి. కుక్కే అని తేలితే ఏ ప్రోటీన్ అన్నది కూడా రక్తపరీక్షలో విడిగా చూడొచ్చు. ఆ రిపోర్టులో క్యాన్ ఎఫ్ 5 అనే వరస ఉంటే దాని మీద వేలు పెట్టి అడగండి. అది మగకుక్క ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చేది. ఆ ఒక్కదానికే అలర్జీ ఉన్నవాళ్లలో కొందరు ఆడకుక్కతో ఇబ్బంది లేకుండా ఉండగలరు. బోలెడు డబ్బు పోసి జాతిని వెతుక్కునే బదులు ఆడకూనను ఎంచుకుంటే సరిపోయే ఇళ్లు కొన్ని ఉన్నాయన్నమాట.

మన వైపు ఇంకో ముద్దాయి ఉంది, వయ్యారిభామ మొక్క. మేడ్చల్ చుట్టూ రాళ్లు పాతి వదిలేసిన వెంచర్లలో వానలు పడ్డాక నడుమెత్తు పెరుగుతుంది. దాని పుప్పొడి తుమ్ములకూ ఆయాసానికీ కారణమవుతుంది, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. సాయంత్రం వాకింగ్‌కని కుక్కను ఆ ప్లాట్లలో వదిలితే ఆ పుప్పొడినంతా బొచ్చులో మోసుకొచ్చి సోఫా మీద దులుపుతుంది. పొడుగు, ఉంగరాల బొచ్చయితే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. పాప తుమ్ముతుంది, నింద కుక్క మీద పడుతుంది. రోడ్డు వారనే తిప్పండి, వచ్చాక గుమ్మం బయటే తడిగుడ్డతో ఒళ్లూ కాళ్లూ తుడవండి.

ఇంట్లో చేయాల్సిన పనుల్లో మొదటిది పడగ్గది తలుపు. రాత్రి ఏడెనిమిది గంటలు గడిపే ఆ గదిలోకి కుక్క రాకూడదు, ఎప్పుడూ రాకూడదు. రెండోది స్నానం. 1999లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం ప్రకారం కుక్కను కడిగితే క్యాన్ ఎఫ్ 1 తగ్గుతుంది కానీ కొద్ది రోజుల్లోనే మళ్లీ పెరుగుతుంది, వారానికి రెండుసార్లు కడిగితేనే లాభం నిలుస్తుంది. వేసవిలో ట్యాంకరు నీళ్లకు ఎదురుచూసే కాలనీల్లో ఇది చిన్న పని కాదు. కుక్కల షాంపూయే వాడాలి, చర్మం పొడిబారితే పశువైద్యుణ్ని అడగాలి, కడిగేది అలర్జీ లేని మనిషే అయ్యుండాలి. నేల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. తివాచీల ఇళ్లు కావు మనవి, తాండూరు బండలో టైల్సో ఉంటాయి. పొడిచీపురుతో ఊడిస్తే లేచిన దుమ్మంతా ముక్కులోకే వస్తుంది కాబట్టి తడిబట్ట పెట్టండి. ఇన్ని చేసినా ఉబ్బసం ముదురుతుంటే, రాత్రిళ్లు పిల్లికూతలు వినబడుతుంటే ఆ ఇంట్లో కుక్క ఉండకూడదు. మనిషి ఊపిరి కంటే ముందు పెట్టేది ఏదీ లేదు.

కొనేవాళ్లకు: చట్టం, ఎండ, దువ్వెన

కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల బ్రీడింగ్, అమ్మకాల నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. 8 వారాలు నిండని కూనను అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ కాగితం చూపమనండి, తల్లికుక్కను చూపమనండి. అవి చూపనివాళ్ల దగ్గర కొనకండి.

పెంచలేక రోడ్డు మీద వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

రాలని బొచ్చు అంటే పని లేని బొచ్చు కాదు. ఊడిన వెంట్రుక లోపలే చిక్కుకుని ఉండలు కడుతుంది, కింద చర్మం పుండవుతుంది, పిడుదులు దాక్కుంటాయి. రోజూ దువ్వాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి.

షిట్జూ ముక్కు చప్పిడి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో దానికి ఊపిరాడటమే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో చల్లని గది ఇవ్వలేని ఇంటికి అది వద్దు.

ఇక ఎంపిక. జాతి కాదు, ఆ ఒక్క కుక్కే లెక్క అని పట్టిక చెబుతోంది కదా, అలాంటప్పుడు దానితో ముందే గడిపి చూడ్డం తప్ప మార్గం లేదు. అమ్మకందారు దగ్గర పది నిమిషాలు కూనను ఒళ్లో పెట్టుకుంటే ఏమీ తెలియదు. అలర్జీ కొందరికి వారాల తర్వాత బయటపడుతుంది. పైగా కూన పెరిగాక ఎలా ఉంటుందో చెప్పలేం. ఈ లెక్కలో ఊరకుక్కకు ఉన్న సౌకర్యం ఏ ఖరీదైన జాతికీ లేదు. మీ కాలనీ గేటు దగ్గర తిరిగే ఎదిగిన కుక్క బొచ్చు రాలుస్తుంది, నిజమే. కానీ ఒళ్లంతా పొట్టి బొచ్చే, కడగడం తేలిక, మన ఎండకు అలవాటు పడ్డ ఒళ్లు. అన్నిటికీ మించి దాని దగ్గర నెలల తరబడి కూర్చుని చూసుకోవచ్చు. ముందు రేబిస్ టీకా వేయించండి. తర్వాత అలర్జీ ఉన్న మనిషే రోజూ గిన్నెలో అన్నం పెట్టి, పక్కన అరగంట కూర్చుని, తల నిమిరి రావాలి. వానాకాలమూ చలికాలమూ అలా గడిచాక కూడా ఊపిరి తేటగా ఉంటే లోపలికి పిలవండి. పడకపోతే గేటు బయటే గిన్నె పెట్టడం కొనసాగించండి, దానికి అన్యాయం జరగదు.