బొమ్మ బ్లాస్టర్‌కు రంగు నిలవాలంటే
కామిక్ కాన్ వేషానికని ఫోమ్ గుళ్ల బ్లాస్టర్‌కు ఉక్కురంగు స్ప్రే చేస్తారు. ప్రదర్శన రోజుకల్లా చేయి తగిలిన చోటల్లా పెచ్చులూడుతుంది! తప్పు రంగుది కాదు, ఉపరితలానిది.

అచ్చులోంచి వచ్చిన ఏబీఎస్ ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది. దానిపై చేతి జిడ్డు చేరితే ఉపరితల శక్తి తగ్గి, రంగు సరిగా పరుచుకోదు. అందుకే సబ్బునీటితో కడిగి, ఆరాక సన్నని శాండ్‌పేపర్‌తో రుద్దాలి. ఆ గీతల్లోకి ప్రైమర్ దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఆపై పలుచని పూతలు వేయాలి. మందంగా వేస్తే పైపొర ముందే ఆరిపోయి, ద్రావణి లోపలే చిక్కుకుంటుంది. అసిటోన్‌తో మాత్రం తుడవొద్దు. ఏబీఎస్ అందులో కరుగుతుంది.

గొట్టం చివరి నారింజ రంగును కప్పేయకండి. అమెరికాలో బొమ్మ తుపాకులకు ఇలాంటి గుర్తును 1988 నాటి చట్టం తప్పనిసరి చేసింది. ఎదుటివారు నిజం తుపాకీ అనుకుంటే ప్రాణాలకే ముప్పు.