కొట్టడం సులువు, పట్టి ఉంచడమే కష్టం

ఇనుప కమ్మీ బలం తేల్చాలంటే రెండు చివరలా బిగించి తెగేదాకా లాగాలి. లాగే యంత్రం ఎంత పెద్దదైనా పట్టు జారిందంటే ఆ పరీక్ష అక్కడితో సరి. గ్రాఫు మీద గీత ఉన్నట్టుండి దిగుతుంది. కమ్మీయే సాగిందా, దవడల మధ్య జారిందా? గీత ఒక్కటీ చూసి తేల్చలేం. కాలేజీ ల్యాబుల్లో యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్) దగ్గర నిలబడ్డవాళ్లందరికీ తెలిసిన తలనొప్పే ఇది.

వెడ్జ్ దవడలు లాగేకొద్దీ బిగుస్తాయి, కానీ మొదట్లో వాటి పట్టు అంతంతమాత్రం. హైడ్రాలిక్ గ్రిప్పు అలా కాదు. లాగుడు మొదలవకముందే కావలసినంత బలంతో బిగించేస్తుంది. దానికి మోటారు పంపే ఉండాలని లేదు. లోపలి పిస్టన్ కదిలేది కొద్ది దూరమే కాబట్టి చేతిపంపు చాలు.

లెక్క చూడండి. పంపు ప్లంజరు వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు అనుకుందాం. హ్యాండిల్ మీద 30 కిలోల బలం పెడితే లివర్ దాన్ని పది రెట్లు చేస్తుంది. ఆయిల్లో ఒత్తిడి సుమారు 300 బార్లకు చేరుతుంది. గ్రిప్పు పిస్టన్ వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లయితే దవడల మీద పడే బలం 15 టన్నులు! అయితే ఊరికే రాదు. ప్లంజరు 5 సెంటీమీటర్లు దిగితే పిస్టన్ జరిగేది 1 మిల్లీమీటరే.

ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అంతటా ఒకేలా పాకుతుందన్న ఈ సూత్రం పాస్కల్‌ది. ద్రవాల సమతుల్యత మీద ఆయన రాసిన గ్రంథం ఆయన పోయాక, 1663లో అచ్చయింది. కాగితం మీద అంత తేటగా ఉన్న సంగతి పనికొచ్చే యంత్రంగా మారడానికి నూటముప్పై ఏళ్లు పట్టింది. 1795లో లండన్‌లో తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. చిక్కల్లా పిస్టన్ చుట్టూ ఉన్న సందుతోనే. ప్యాకింగ్ గట్టిగా బిగిస్తే పిస్టన్ కదలదు, వదులు చేస్తే నీళ్లు చిమ్ముతాయి. బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్‌స్లే దీనికి తోలు గిన్నెతో ఉపాయం చెప్పాడని తర్వాతి తరం ఇంజినీరు జేమ్స్ నాస్మిత్ చెప్పాడు. నీటి ఒత్తిడి పెరిగినకొద్దీ గిన్నె అంచు పిస్టన్‌కు మరింత అంటుకుంటుంది, ఒత్తిడి తగ్గితే తనే వదులవుతుంది. కారిపోవాలని చూసే నీటికే కాపలా అప్పగించాడన్నమాట. అలాంటివాడు వారానికి 30 షిల్లింగుల జీతం పెంచమంటే బ్రామా కుదరదన్నాడు. 1797లో మాడ్‌స్లే బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. ఆ బేరంలో నష్టపోయింది ఎవరో వేరే చెప్పాలా!

లోహాలను పరీక్షించే పనిలోకీ ఈ బలమే వచ్చింది. డేవిడ్ కిర్కాల్డీ 1874లో లండన్ సదర్క్ వీధిలో తెరిచిన పరీక్షాశాలలో 116 టన్నుల బరువున్న హైడ్రాలిక్ యంత్రం ఉండేది. 1879లో కూలిన టే వంతెన ఇనుము ముక్కలను లాగి చూసింది దాని మీదే.

ఇప్పుడు తోలు బదులు నైట్రైల్ రబ్బరు, నీటి బదులు హైడ్రాలిక్ ఆయిల్. తగువు మాత్రం పాతదే. పంపు బిగించేటప్పుడు మొదటి శత్రువు గాలి. గాలి నలుగుతుంది, ఆయిల్ దాదాపు నలగదు. అందుకే లైన్లో బుడగ ఉంటే హ్యాండిల్ స్ప్రింగులా వెనక్కి తంతుంది, గేజ్ ముల్లు బద్ధకంగా లేస్తుంది. పంపును గ్రిప్పు కంటే ఎత్తులో పెట్టి, దవడలను రెండు మూడు సార్లు బిగించి వదిలితే గాలి పైకెక్కి ట్యాంకులోకి పోతుంది. దవడలు వదిలి ఉన్నప్పుడే ఆయిల్ మట్టం చూసి నింపాలి. బిగించి ఉన్నప్పుడు నింపితే, వదలగానే వెనక్కొచ్చే ఆయిల్ ట్యాంకు పట్టక పొంగుతుంది. చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ పోస్తే నైట్రైల్ సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. హ్యాండిల్‌కు పైపు తొడిగి పొడవు పెంచడం, రిలీజ్ వాల్వును పానాతో బిగించడం కొందరికి అలవాటు. రెండోది వాల్వు సీటును నొక్కేసి, ఆపాలనుకున్న లీకును తనే పుట్టిస్తుంది.

హోస్ మీద తడి కనిపిస్తే వేలితో తడమకండి. సూది బెజ్జమంత రంధ్రం నుంచి ఆ ఒత్తిడిలో చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆపరేషన్ దాకా పోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. కప్లింగ్ విప్పేముందు గేజ్ సున్నాకు రావాలి.

ఇక బిగించాక ఒత్తిడి దానంతటదే పడిపోతుంటే హ్యాండిల్‌ను గమనించండి. అది తనంతట తాను పైకి లేస్తుంటే డెలివరీ వాల్వు గోళీ కింద చెత్త చిక్కిందని అర్థం, విప్పి కడిగితే చాలావరకు తీరిపోతుంది. హ్యాండిల్ కదలకుండా ముల్లు మాత్రం దిగుతుంటే రిలీజ్ వాల్వు, కప్లింగ్, గ్రిప్పు సీలు, ఈ వరసలో వెతకాలి. సీలు మార్చాల్సివస్తే దాని పెదవి ఒత్తిడి వచ్చే వైపుకే ఉండాలి. తిరగేసి పెడితే కొత్త సీలైనా కారుతుంది.