తాబూత్ ఉన్న ఊరు షీలో

బఖరా సూరా 248వ ఆయత్‌లో తాబూత్ మాట వస్తుంది. తాలూత్ రాజరికానికి గుర్తుగా ఆ పెట్టె తిరిగొస్తుందని, అందులో ప్రభువు తరఫున సకీనా, అంటే మనశ్శాంతి, మూసా (అలైహి), హారూన్ (అలైహి) కుటుంబాలు వదిలివెళ్లిన వస్తువులు ఉంటాయని నాటి ప్రవక్త చెప్పారు. తిరిగి రావాలంటే ముందు పోయి ఉండాలి కదా, మరి ఎక్కడి నుంచి పోయింది?

బైబిల్ కథనం ప్రకారం షీలో నుంచి. బైతుల్ మఖ్దిస్ కంటే ముందు బనీ ఇస్రాయీల్ ఆరాధనా కేంద్రం ఇదే. గుడారంలో తాబూత్ ఉండేది. ఏటా కుటుంబాలతో వచ్చి ఖుర్బానీ ఇచ్చేవారు. పిల్లల్లేని హన్నా ఏడుస్తూ దుఆ చేసిందీ, సమూయేలు పెరిగిందీ ఇక్కడే. మన తఫ్సీర్లలో చాలావాటిలో ఆ ప్రవక్త పేరు షమ్వీల్ అనే ఉంటుంది.

ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయినప్పుడు, పెట్టె పక్కనుంటే చాలు గెలుస్తామనుకుని దాన్ని యుద్ధానికి మోసుకెళ్లారు. మళ్లీ ఓడారు, పెట్టె కూడా పోయింది. ఊరు క్రీ.పూ. 11వ శతాబ్దంలో కాలిపోయిన ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి.

నాబ్లస్, రమల్లా మధ్య ఖిర్బత్ సైలూన్ అంటే ఆ చోటే. శిథిలాల్లో పాత మసీదులూ ఉన్నాయి. తాబూత్ మాత్రం మళ్లీ అక్కడికి చేరలేదు. తర్వాత దావూద్ (అలైహి) దాన్ని బైతుల్ మఖ్దిస్‌కు తెచ్చారని బైబిల్ చెబుతుంది.