పసితనంలో సూక్ష్మజీవుల పరిచయం – బాలల లుకేమియా: పరిశోధనలు తెలుపుతున్నదేమిటి?

బాలలకు వచ్చే కాన్సర్లలో అత్యధికంగా కనిపించేది లుకేమియా. అందులోనూ ఎముక మజ్జలో అపరిపక్వ తెల్ల రక్తకణాలు అదుపు తప్పి వృద్ధి చెందడం వల్ల కలిగే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా ప్రధానమైనది. ఈ వ్యాధి 2 నుంచి 5 సంవత్సరాల మధ్య వయసులో ఎక్కువగా బయటపడుతుంది. శైశవంలో సాధారణ సూక్ష్మజీవులతో ఏర్పడే పరిచయానికి, ఈ వ్యాధికి గల సంబంధంపై మూడు దశాబ్దాలకు పైగా పరిశోధనలు సాగుతున్నాయి. వీటిని "శుభ్రత ఎక్కువైతే రక్త కాన్సర్ వస్తుంది" అన్న ఒక్క మాటకు కుదించడం సులభమే గాని, అది వాస్తవం కాదు. ఈ దృష్ట్యా పరిశోధనల సారాంశాన్ని తెలుసుకోవడం అవసరం.

రెండు దశలలో వ్యాధి

లండన్‌లోని కాన్సర్ పరిశోధన సంస్థకు చెందిన ప్రొఫెసర్ మెల్ గ్రీవ్స్ 1988లో ఈ అంశంపై ఒక ప్రతిపాదన చేశారు. అప్పటి నుంచి వెలువడిన ఆధారాలను సమీక్షిస్తూ 2018లో దానిని మరింత సమగ్రంగా ప్రకటించారు. దీని ప్రకారం ఈ వ్యాధి రెండు దశలలో రూపుదిద్దుకుంటుంది.

మొదటి దశ మాతృగర్భంలోనే జరుగుతుంది. రెండు జన్యువులు తెగి ఒకదానితో ఒకటి అతుక్కోవడం వంటి మార్పు కొన్ని రక్తకణాలలో యాదృచ్ఛికంగా ఏర్పడుతుంది. నవజాత శిశువుల మడమ నుంచి సేకరించి కాగితంపై భద్రపరచిన రక్తపు చుక్కలను 1999లో శాస్త్రజ్ఞులు పరీక్షించగా, అనంతరం లుకేమియా బారిన పడిన పలువురు పిల్లలలో ఈ మార్పు పుట్టుక నాటికే ఉన్నట్లు వెల్లడైంది. ఒకే మాయను పంచుకున్న కవలలలో ఈ కణాలు ఒకరి నుంచి మరొకరికి చేరుతున్నట్లు కూడా తేలింది. అయినప్పటికీ, వారిలో ఒకరికి వ్యాధి వచ్చినపుడు రెండవ వారికి వచ్చే అవకాశం సుమారు 10 నుంచి 15 శాతం మాత్రమే కావడం గమనార్హం. అనగా పుట్టుకతో ఉన్న మార్పు ఒక్కటే వ్యాధికి చాలదు. ఆరోగ్యవంతులైన శిశువులలో కూడా 1 నుంచి 5 శాతం మందిలో ఇటువంటి మార్పు ఉన్నట్లు వేర్వేరు అధ్యయనాలు అంచనా వేశాయి. వారిలో అత్యధికులకు లుకేమియా ఎన్నడూ రాదు.

రెండవ దశ పుట్టిన కొన్నేళ్ళకు సంభవిస్తుంది. మొదటి సంవత్సరంలో సాధారణ సూక్ష్మజీవుల పరిచయం లభించిన శిశువులో రోగనిరోధక వ్యవస్థ క్రమబద్ధమైన శిక్షణ పొందుతుంది. ఆ శిక్షణ కొరవడిన పక్షంలో, తర్వాత సోకే మామూలు ఇన్‌ఫెక్షన్‌కు సైతం అది అసాధారణంగా స్పందించి, ముందే మార్పు చెంది ఉన్న కణాలలో మరిన్ని జన్యు మార్పులకు దారితీయవచ్చునని గ్రీవ్స్ వివరించారు. స్పెయిన్‌లోని సాలమాంకాకు చెందిన శాస్త్రజ్ఞులు 2015లో వెల్లడించిన ప్రయోగ ఫలితాలు దీనికి కొంత బలాన్నిచ్చాయి. ఒక ప్రత్యేక జన్యు లోపం గల ఎలుకలు రోగకారక క్రిములు లేని వాతావరణంలో ఆరోగ్యంగా ఉండగా, సాధారణ ఇన్‌ఫెక్షన్లకు గురైన తర్వాత వాటిలో కొన్నింటికి లుకేమియా వచ్చింది.

జనాభా అధ్యయనాలు

బ్రిటన్‌లో 2005లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటి సంవత్సరంలో శిశు సంరక్షణ కేంద్రాలకు వెళ్ళి ఇతర పిల్లలతో కలిసిన వారికి ఈ వ్యాధి ముప్పు సుమారు సగం మేరకు తక్కువగా కనిపించింది. 14 అధ్యయనాలను క్రోడీకరించిన 2010 నాటి విశ్లేషణలో ఈ తగ్గుదల 24 శాతంగా తేలింది. ఆరు నెలలు, అంతకు మించి తల్లిపాలు తాగిన పిల్లలలో లుకేమియా ముప్పు 19 శాతం తక్కువని 18 అధ్యయనాలపై 2015లో జరిగిన విశ్లేషణ పేర్కొంది.

కాగా, ఇవన్నీ సంబంధాన్ని సూచించేవే గాని కారణాన్ని రుజువు చేసేవి కావు. వీటిలో అనేకం తల్లిదండ్రుల జ్ఞాపకాలపై ఆధారపడినవి. వైద్యుల రికార్డులను పరిశీలించిన 2007 నాటి బ్రిటన్ నివేదికలో, లుకేమియా వచ్చిన పిల్లలకే మొదటి సంవత్సరంలో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా నమోదైనట్లు కనిపించడం ఇందుకు భిన్నమైన ఫలితం. కావున ఈ ప్రతిపాదన బలమైనదే అయినా పూర్తిగా నిర్ధారణ కాలేదని గుర్తించాలి.

అపోహలకు తావివ్వరాదు

లుకేమియా అంటువ్యాధి కాదు. వ్యాధిగ్రస్తులైన పిల్లలతో ఆడుకున్నందువల్ల ఇతరులకు రాదు. ఇది ఇంటి శుభ్రత వల్ల గాని, తల్లిదండ్రుల నిర్లక్ష్యం వల్ల గాని వచ్చినదని చెప్పడానికి ఎటువంటి ఆధారమూ లేదు. చేతులు కడుక్కోవడం, సురక్షితమైన తాగునీరు, పారిశుధ్యం వంటివి పసిపిల్లల ప్రాణాలను నిలబెడుతున్నాయి. అతిసారం, న్యుమోనియా ఇప్పటికీ శిశు మరణాలకు కారణమవుతున్న ప్రాంతాలలో వీటిని సడలించడం ప్రమాదకరం. పిల్లలకు కావాలని జబ్బులు అంటించాలని ఏ శాస్త్రజ్ఞుడూ సూచించలేదు.

టీకాలను మానుకోవడానికి కూడా ఈ పరిశోధనలు సాకు కారాదు. టీకాలు సైతం రోగనిరోధక వ్యవస్థకు శిక్షణనిచ్చేవే. హిబ్ క్రిమి నుంచి కూడా రక్షణ కల్పించే పెంటావాలెంట్ టీకాను దేశంలో 6, 10, 14 వారాల వయసులో శిశువులకు ఇస్తున్నారు. అలాగే, అంగన్‌వాడీలలో పూర్వ ప్రాథమిక విద్య 3 సంవత్సరాలు నిండిన పిల్లలకు సంబంధించినది. కనుక మొదటి ఏడాదిపై విదేశాలలో జరిగిన అధ్యయనాలను దానికి నేరుగా అన్వయించడం సరికాదు.

సకాలంలో గుర్తింపు కీలకం

వ్యాధిని నివారించే మార్గం ఇంకా పరిశోధన దశలోనే ఉండగా, చికిత్స మాత్రం అందుబాటులో ఉన్నది. సంపన్న దేశాలలో ఈ వ్యాధికి గురైన పిల్లలలో సుమారు 90 శాతం మంది కోలుకుంటున్నారు. తగ్గని జ్వరం, పాలిపోవడం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, రక్తస్రావం, ఎముకల నొప్పులు, గ్రంథుల వాపు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించి రక్తకణాల పరీక్ష చేయించాలి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. కాన్సర్ సంస్థలో ప్రభుత్వ రంగంలో చికిత్స లభిస్తున్నది.

ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, వేళకు టీకాలు వేయించడం, అనుమానం కలిగినపుడు జాప్యం చేయకపోవడం ఇప్పటికీ ఆచరించదగిన మూడు అంశాలు. క్షేత్రస్థాయి సిబ్బంది వీటిని తల్లులకు తెలియజేయడం, ప్రసార మాధ్యమాలు అవకాశానికి, రుజువుకు మధ్య గల తేడాను స్పష్టంగా పేర్కొనడం ఎంతైనా అవసరం. వ్యాధితో పోరాడుతున్న కుటుంబాలపై అనవసరమైన అపరాధభావం మోపకుండా ఉండేందుకు అది తోడ్పడుతుంది.