గర్భిణులలో రుబెల్లా

రుబెల్లా ఒక వైరస్ వలన కలిగే అంటువ్యాధి. దీనిని జర్మన్ తట్టు అని కూడా అంటారు. పిల్లలకు ఇది తేలికగా వచ్చి పోతుంది. గర్భిణికి తొలి నెలలలో సోకితే మాత్రం గర్భస్రావానికి గాని, శిశువులో శాశ్వత లోపాలకు గాని దారితీయవచ్చు.

లక్షణాలు

ఈ వైరస్ దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. సోకిన రెండు మూడు వారాలకు కొద్దిపాటి జ్వరం, ముఖంపై మొదలయ్యే దద్దురు, చెవుల వెనుక గ్రంథుల వాపు కనిపిస్తాయి. కొందరిలో ఏ లక్షణమూ ఉండదు. దద్దురుతో వచ్చే జ్వరాలను "అమ్మవారు" అనడం పల్లెలలో వాడుక. కాని తట్టు, ఆటలమ్మ, రుబెల్లా వేరువేరు వ్యాధులు. గర్భిణికి సోకినది ఏదో రక్తపరీక్ష ద్వారా తెలుసుకోవాలి.

గర్భంపై ప్రభావం

వైరస్ తల్లి రక్తం నుండి మాయ ద్వారా పిండానికి చేరుతుంది. తొలి 12 వారాలలో గుండె, కన్ను, చెవి రూపొందుతుంటాయి కనుక ప్రమాదం అప్పుడే ఎక్కువ. 20 వారాల తరువాత బాగా తగ్గుతుంది. పిండం నిలిచినా శిశువుకు కంటి శుక్లాలు, చెవుడు, గుండె లోపాలు రావచ్చు. ఈ సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు.

అయితే తొలి మూడు నెలల గర్భస్రావాలలో సుమారు సగం క్రోమోజోముల లోపాల వలన జరుగుతాయి. ప్రతి గర్భస్రావానికీ వైరస్ కారణమనుకోరాదు. తల్లి చేసిన పనినో, తిన్న ఆహారాన్నో నిందించరాదు.

టీకా

రుబెల్లాను నయం చేసే ప్రత్యేక ఔషధం లేదు. టీకాయే రక్షణ. భారతదేశంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 2017 ఫిబ్రవరిలో పుదుచ్చేరి మొదలైన అయిదు ప్రాంతాలలో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అదే సంవత్సరం ఆగస్టులో మొదలైంది. అందువలన గోదావరి డెల్టాలో పుదుచ్చేరికి చెందిన యానాం తొలి విడతలోను, దానికి సమీపాన ఉన్న ద్రాక్షారామం తరువాతి విడతలోను చేరాయి. 9 నెలలు నిండి 15 సంవత్సరాలు నిండని పిల్లలందరికీ ఈ టీకా ఉద్దేశించబడింది. ఇప్పుడు శిశువులకు 9-12 నెలలలో ఒకటి, 16-24 నెలలలో ఒకటి చొప్పున రెండు మోతాదులు ఇస్తారు.

2017 నాటికే 15 ఏళ్ళు నిండినవారు ఆ కార్యక్రమంలోకి రాలేదు. వారిలో అనేకులు నేడు తల్లులు కాదగిన వయస్సులో ఉన్నారు. అట్టివారు గర్భం ధరించకముందే వైద్యుని సంప్రదించి, రోగనిరోధక శక్తి లేదని తేలితే టీకా వేయించుకొనడం మంచిది. ఇది బలహీనపరచిన సజీవ వైరస్ టీకా కనుక గర్భిణులకు వేయరు. వేయించుకున్న తరువాత 4 వారాలు గర్భం రాకుండా చూసుకోవాలి. తెలియక గర్భిణిగా ఉండగా వేయించుకున్నా, ఆ కారణంగా గర్భాన్ని తొలగించుకోనవసరం లేదు.