రెండు నదుల మధ్య ఉక్కు నగరం

జంషెడ్‌పూర్ జార్ఖండ్ రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం చుట్టుపక్కల పట్టణాలతో కలిపి ఇక్కడ 13 లక్షలకు పైగా జనం ఉన్నారు. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు ఇదే కేంద్రం. ఆ జిల్లా ఏర్పడింది 1990లో, రాష్ట్రం ఏర్పడింది 2000లో. నగరం రెండింటికంటే పాతది. నగరం కంటే కర్మాగారం పాతది. ఇక్కడి వీధులు, ఇళ్లు, పార్కులు, తగాదాలు అన్నీ ఆ కర్మాగారం వెనకే వచ్చాయి.

నాగ్‌పూర్‌లో బట్టల మిల్లు నడిపి గడించిన జంషెట్‌జీ నసర్వాన్‌జీ టాటాకు స్వదేశంలో ఉక్కు తయారు చేయాలన్న పట్టుదల చాలాకాలంగా ఉండేది. 1902లో ఆయన అమెరికా వెళ్లాడు. ఉక్కు పరిశ్రమకు పేరు మోసిన పిట్స్‌బర్గ్‌కు చెందిన ఇంజనీరు జూలియన్ కెనెడీ, ముందు ఖనిజం ఎక్కడుందో నిపుణులతో వెతికించమన్నాడు. ఆ పనికి న్యూయార్క్‌లో ఉన్న చార్లెస్ పేజ్ పెరిన్ పేరు చెప్పాడు. పెరిన్ తన సహచరుడు సి.ఎం. వెల్డ్‌ను భారతదేశానికి పంపాడు. వెల్డ్, జంషెట్‌జీ కుమారుడు దొరాబ్‌జీ, బంధువు షాపూర్‌జీ సక్లత్‌వాలా ఎడ్లబండ్ల మీద మధ్య భారతపు అడవులన్నీ గాలించారు. అసలు దారి చూపింది మాత్రం ప్రమథనాథ బోస్ అనే బెంగాలీ భూగర్భ శాస్త్రవేత్త. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని ఆయన 1904 ఫిబ్రవరిలో లేఖ రాశాడు. జంషెట్‌జీ అదే ఏడాది మే నెలలో జర్మనీలో కన్నుమూశాడు. తన పేరు పెట్టుకున్న నగరాన్ని ఆయన చూడనే లేదు.

1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ నమోదైంది. లండన్ మదుపరులు ముఖం తిప్పుకోవడంతో వాటాలు స్వదేశంలోనే అమ్మకానికి పెట్టారు. మూడు వారాల్లో దాదాపు 8,000 మంది భారతీయులు 2 కోట్ల 32 లక్షల రూపాయలు సమకూర్చారు. స్థలం వెతుకులాట సాక్చి అనే పల్లె దగ్గర ఆగింది. ఒక పక్క గోరుమహిసాని ఖనిజం, మరో పక్క ఝరియా బొగ్గు, ఏడాది పొడవునా నీళ్లకు రెండు నదులు, కొద్ది మైళ్ల దూరంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి కాలీమాటీ స్టేషను. ఇవన్నీ ఒక్కచోట దొరకడం అరుదు. 1908లో పని మొదలై, 1911 డిసెంబరులో కొలిమి నుంచి తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మ బయటికి వచ్చాయి.

సాక్చి జనం లేని అడవి ఏమీ కాదు. సంతాల్, హో, భూమిజ్ తెగల వారు, వారితో పాటు మహతోలు, కుమ్మరులు, కమ్మరులు ఉన్న పల్లెల మీద ఈ నగరం లేచింది. తొలి విడతలోనే సుమారు 3,500 ఎకరాలు సేకరించారు. పొలం పోయిన వాళ్లలో చాలామంది అదే నేల మీద మట్టి మోసే కూలీలయ్యారు. టాటాల దూరదృష్టిని వర్ణించే పుస్తకాలు ఈ భాగాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నగరం పోకడ అర్థం కావాలంటే మాత్రం ఇది దాటవేయదగ్గది కాదు.

తొలి నగర నమూనా కూడా పిట్స్‌బర్గ్ నుంచే వచ్చింది. కెనెడీ భాగస్వామిగా ఉన్న జూలియన్ కెనెడీ సాలిన్ కంపెనీ గీసిన పటంలో ఉత్తరాన గాలి వీచే వైపు అమెరికన్, యూరోపియన్ అధికారుల బంగళాలు, తర్వాత గుమాస్తాల, పనివాళ్ల క్వార్టర్లు. జీతాన్ని బట్టి ఇల్లు, ఇంటిని బట్టి వీధి. వీధులు వెడల్పుగా ఉండాలనీ, రెండు పక్కలా నీడనిచ్చే చెట్లు నాటాలనీ, ఆటస్థలాలకూ, అన్ని మతాల ప్రార్థనా మందిరాలకూ చోటు విడవాలనీ జంషెట్‌జీ కొడుక్కి ముందే రాసి పెట్టాడు. కానీ పటం గీసినవాళ్లు ఊహించినంత నెమ్మదిగా జనం రాలేదు. 1911లో ఆరు వేలు కూడా లేని జనాభా 1921 నాటికి 57 వేలయింది.

ఆ వేగాన్ని అందుకోవడానికి ఒకరి తర్వాత ఒకరు ప్రణాళికలు వేశారు. వారిలో ఎఫ్.సి. టెంపుల్ ఆలోచన బాగుంటుంది. నేల ఎత్తుపల్లాలను సరిచేయకుండా ఆయన మిట్టల మీదుగా రోడ్లు వేశాడు. పల్లపు దారులను వాననీటి కాలువలకూ పచ్చికకూ వదిలేశాడు. నగరం పాత భాగాల్లో వంపులు తిరిగే వీధులు ఆయన చలవే. 1930లలో పి.జి.డబ్ల్యు. స్టోక్స్, 1940లలో జర్మనీలో పుట్టిన ఒట్టో కూనిగ్స్‌బర్గర్ మళ్లీ కొత్త పటాలు గీశారు. తర్వాత భువనేశ్వర్‌కు నమూనా ఇచ్చింది ఈ కూనిగ్స్‌బర్గరే.

మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా, ఈజిప్టు రంగాలకు పట్టాలు సరఫరా చేసినందుకు గుర్తింపుగా వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ 1919 జనవరి 2న సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. యుద్ధం ముగిశాక విదేశీ ఉక్కు చౌకగా వచ్చి పడింది. 1924లో జీతాలివ్వడానికి కూడా డబ్బు లేని స్థితిలో దొరాబ్‌జీ తన సొంత ఆస్తినీ, భార్య మెహర్‌బాయి జూబిలీ వజ్రాన్నీ తాకట్టు పెట్టి కంపెనీని నిలబెట్టాడు. 1943లో పూర్తయిన హౌరా వంతెనకు వాడిన ఉక్కులో అత్యధిక భాగం ఇక్కడిదే.

కార్మికుల విషయంలో కంపెనీ చట్టం కంటే చాలా ముందు నడిచింది. ఎనిమిది గంటల పనిదినం 1912లో, ప్రావిడెంట్ ఫండు 1920లో, ప్రసూతి సౌకర్యం 1928లో వచ్చాయి. దేశంలో ఎనిమిది గంటల పని చట్టమయ్యింది 1948లో, ప్రావిడెంట్ ఫండుకు చట్టం 1952లో. అలాగని ఇక్కడ అంతా సామరస్యమే అనుకుంటే పొరపాటు. 1920, 1922, 1928లలో పెద్ద సమ్మెలు జరిగాయి. 1925లో గాంధీజీ వచ్చి యాజమాన్యానికీ కార్మికులకూ సయోధ్య కుదిర్చే ప్రయత్నం చేశాడు. 1928 సమ్మె నెలల తరబడి సాగినప్పుడు సుభాష్ చంద్రబోస్ కార్మిక సంఘం పగ్గాలు పట్టాడు. ఆ తర్వాత నాయకుడైన ప్రొఫెసర్ అబ్దుల్ బారి 1947లో హత్యకు గురయ్యాడు. నాటి లేబర్ అసోసియేషనే నేటి టాటా వర్కర్స్ యూనియన్.

గాయాలు ఇంకా ఉన్నాయి. 1979 ఏప్రిల్‌లో రామనవమి ఊరేగింపు వివాదం నుంచి చెలరేగిన మత ఘర్షణల్లో వందమందికి పైగా చనిపోయారు. 1989 మార్చి 3న సంస్థాపకుడి దినోత్సవంలో ప్రేక్షకుల గ్యాలరీకి నిప్పంటుకుని దాదాపు 60 మంది బలయ్యారు.

ఉక్కు చుట్టూ మరెన్నో కర్మాగారాలు వెలిశాయి. గోల్మురిలో తగరపు రేకుల కంపెనీ 1920లలోనే పని మొదలుపెట్టింది. 1945లో రైలింజన్ల కోసం పుట్టిన టెల్కో, 1954 నుంచి జర్మన్ సంస్థ సాయంతో లారీలు తయారు చేసి, తర్వాత టాటా మోటార్స్ అయింది. ఆ కర్మాగారం చుట్టూ ఉన్న పేటను జనం ఇప్పటికీ టెల్కో అనే అంటారు. ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్, అక్కడ విడిభాగాలు చేసే వందలాది చిన్న పరిశ్రమలు. లారీల అమ్మకం మందగిస్తే ముందుగా చప్పుడు ఆగేది ఆ షెడ్లలోనే.

జనాన్ని చూస్తే ఇది ఒక రాష్ట్రపు నగరంలా ఉండదు. బెంగాలీలు గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా, పంజాబీలు మిస్త్రీలుగా, లారీ యజమానులుగా, గుజరాతీలు, మార్వాడీలు వ్యాపారులుగా, బిహారీలు, ఒడియాలు, ఛత్తీస్‌గఢీలు కార్మికులుగా వచ్చారు. తెలుగువాళ్లూ తొలి దశాబ్దాల నుంచీ ఉన్నారు. ఎక్కువమంది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, బరంపురం ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. వారిని ఇక్కడికి చేర్చింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్, అక్కడి నుంచి టాటానగర్. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో తెలుగువాళ్లు ఎలా స్థిరపడ్డారో, ఇక్కడి కొలిముల దగ్గరా అలాగే స్థిరపడ్డారు. ముందు వచ్చినవాడు తమ్ముణ్ణి, బావమరిదిని, ఊరివాణ్ణి పిలిపించేవాడు. ఉద్యోగి పిల్లలకు కొలువులో ప్రాధాన్యమిచ్చే కంపెనీ పద్ధతి వల్ల తండ్రి తర్వాత కొడుకు అదే గేటు గుండా డ్యూటీకి వెళ్లిన కుటుంబాలున్నాయి.

బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఈ సమాజానికి కూడలి. శ్రీరామనవమి కల్యాణం, వైకుంఠ ఏకాదశి దర్శనం అక్కడ ఘనంగా జరుగుతాయి. ముక్కోటి నాడు దర్శనపు వరుసలో తెలుగువాళ్లు మాత్రమే ఉండరు. కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఉంది. చదువు మాత్రం హిందీ, ఇంగ్లీషుల్లోకి మళ్లింది. ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే కుర్రాళ్లలో తెలుగు చదవలేని వాళ్లు తక్కువేమీ కాదు. 1990ల మొదట్లో డెబ్భై వేలు దాటిన కంపెనీ సిబ్బంది తర్వాతి పదిహేనేళ్లలో సుమారు సగానికి తగ్గారు. ఉత్పత్తి మాత్రం పెరుగుతూనే పోయింది. దాంతో కొత్త తరం బెంగళూరు, హైదరాబాదు, పుణె దారి పట్టింది.

పాలన సంగతి మరీ విచిత్రం. పది లక్షలకు పైగా జనం బతికే ఈ చోట నగర కేంద్రానికి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. 1924 నుంచి నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉంది. నీళ్లు, కరెంటు, చెత్త, రోడ్లు చూసేది టాటా స్టీల్ అనుబంధ సంస్థ. కంపెనీ ప్రాంతంలో కుళాయి నీళ్లు నమ్మకంగా వస్తాయి, కరెంటు పోవడం అరుదు. సువర్ణరేఖ దాటి మాంగో వైపు వెళ్తే రెండూ నమ్మకం లేనివే. నగరం లోపలే లీజు భూముల్లో పెరిగిన 86 బస్తీల వాళ్లు ఇళ్ల మీద హక్కు కోసం దశాబ్దాలుగా అడుగుతున్నారు. ప్రతి ఎన్నికలోనూ ఆ హామీ వినిపిస్తుంది. సౌకర్యం కావాలా, ఓటు కావాలా అంటే క్వార్టర్ల వాళ్లలో చాలామంది సౌకర్యమే చాలంటారు. బస్తీల వాళ్లకు ఆ రెండింట్లో ఏదీ నిండుగా అందలేదు.

చూడదగ్గవాటిలో జూబిలీ పార్కు మొదటిది. కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా 1958 మార్చి 1న జవహర్‌లాల్ నెహ్రూ దీన్ని ప్రారంభించాడు. మైసూరు బృందావనం నమూనాలో ఫౌంటెన్లు, గులాబీ తోట, పక్కనే జయంతి సరోవరం, జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. మార్చి 3న జంషెట్‌జీ జయంతికి పార్కంతా విద్యుద్దీపాలతో వెలుగుతుంది. చుట్టుపక్కల పల్లెల జనం ఆ రాత్రి నగరానికి కదిలివస్తారు. సంతలా కిక్కిరిసే సాక్చి బజారు, సోనారి వద్ద రెండు నదులు కలిసే దోముహాని, టెల్కోలో దక్షిణాది గోపురంతో కనిపించే భువనేశ్వరి ఆలయం తీరిగ్గా చూడవలసినవి. ఛఠ్ పండుగకు నదీ తీరాలు నిండిపోతాయి. జనవరిలో టుసు, వసంతంలో సర్హుల్ ఈ నేల అసలు పండుగలు. సోనారిలో ఆదివాసీ సంస్కృతి కేంద్రం ఉంది.

కీనన్ స్టేడియం పేరు 1930లలో జనరల్ మేనేజరుగా పనిచేసిన అమెరికన్ జాన్ లారెన్స్ కీనన్‌ది. 1983లో ఇక్కడ తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. అయితే ఈ నగరానికి క్రికెట్ కంటే ఫుట్‌బాల్, విలువిద్య మీదే మక్కువ. 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీ దేశ జట్టుకు ఎందరినో ఇచ్చింది. దీపికా కుమారి ఇక్కడి ఆర్చరీ అకాడమీలోనే రాటుదేలింది. ఎవరెస్టు ఎక్కిన తొలి భారత మహిళ బచేంద్రి పాల్ ఇక్కడి సాహస క్రీడల సంస్థకు దశాబ్దాల పాటు సారథిగా పనిచేసింది. విద్యకొస్తే, 1949లో అమెరికన్ జెస్యూట్ పాదరీ క్విన్ ఎన్‌రైట్ కార్మిక సంబంధాలు బోధించడానికి మొదలుపెట్టిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, 1950లో వచ్చిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, ఆదిత్యపూర్‌లోని ఎన్‌ఐటీ పేరున్నవి.

నగరం అంచున 900 మీటర్లకు పైగా ఎత్తున్న దల్మా కొండలు ఏనుగుల అభయారణ్యం. వాటి పాదాల దగ్గర డిమ్నా సరస్సు నగరానికి తాగునీరిస్తుంది, శీతాకాలంలో వనభోజనాల చోటు కూడా. ఏటా వేసవి మొదట్లో ఆదివాసీలు దల్మా మీద సెంద్రా అనే సంప్రదాయ వేట జరుపుతారు. వేటను పూజకే పరిమితం చేయాలని అటవీశాఖ ఏటా నచ్చజెబుతూ ఉంటుంది. మే నెల ఎండలు ఇక్కడ 45 డిగ్రీలను తాకుతాయి కాబట్టి నగరాన్నీ కొండలనూ చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రావడం మేలు. టాటానగర్ హౌరా-ముంబయి ప్రధాన మార్గంలో ఉంది. హౌరా నుంచి రైల్లో నాలుగైదు గంటల ప్రయాణం.